ముందు గొట్టం వేడెక్కాలి, ఆ తర్వాతే కట్టె

కట్టెల పొయ్యి గురించి ఈ నెల వచ్చిన ఉత్తరాలకు జవాబులివి. జవాబులు రాస్తున్నావిడ ఒకప్పుడు గుంటూరు జిల్లా పల్లెల్లో పొగలేని పొయ్యిలు కట్టారు. అడిగినవాళ్లకు ఇప్పటికీ కట్టిపెడుతున్నారు.

ప్రశ్న: అమ్మా, నమస్కారం. మాది పెంకుటిల్లు. వెనక పంచలో మా అత్తగారు కట్టించుకున్న పొయ్యి ఉంది. రెండు గిన్నెలు పడతాయి, గోడ వారగా పొగగొట్టం కూడా ఉంది. రోజువారీ వంట గ్యాస్ మీదే. స్నానాలకు నీళ్లు కాచుకోవడానికి, ఆదివారం మాంసం వండుకోవడానికి, చుట్టాలు వచ్చినప్పుడు ఆ పొయ్యి వెలిగిస్తాం. వెలిగించిన మొదటి పావుగంట ఇల్లంతా పొగే. ముందు గదిలో పడుకున్న మా మామగారు దగ్గుతూ లేస్తారు. ఆ తర్వాత పొగ ఉండదు, మంట చక్కగా మండుతుంది. కాగితాలు పెట్టి చూశాను, కిరసనాయిలు పోసి చూశాను. మొదటి నుంచే పొగ రాకుండా ఉండాలంటే ఏం చెయ్యాలి?
– ఒక పాఠకురాలు, తాడేపల్లి

జవాబు: సగం జవాబు మీ ఉత్తరంలోనే ఉందమ్మా. పావుగంట తర్వాత పొగ రావడం లేదంటే పొయ్యి కట్టుబడిలో లోపం లేదు, గొట్టం మూసుకుపోలేదు. ఇబ్బందల్లా రాజేసే పద్ధతిలో ఉంది. దాన్ని మార్చుకోవడానికి పైసా ఖర్చు లేదు.

పొగంటే కాలకుండా తప్పించుకుపోయిన కట్టే. ఈ ఒక్కటి గుర్తుపెట్టుకుంటే మిగతావి మీకే తోస్తాయి. కట్టె ఉన్నపళంగా మండదు. వేడి తగిలితే ముందు అందులో ఉన్న నీరు ఆవిరైపోతుంది. 200 డిగ్రీలు దాటాక చెక్కలోంచి వాయువులు, తారులాంటి ఆవిర్లు బయటికొస్తాయి. మనం మంట అని చూస్తున్నది ఆ వాయువులు మండటాన్నే. ఎండు కట్టె బరువులో ముప్పాతిక వంతు ఇలా వాయువుగానే పోతుంది, బొగ్గుగా మిగిలేది కొంచెమే. ఆ వాయువులు అంటుకోవాలంటే 500, 600 డిగ్రీల వేడి కావాలి, సరిపడా గాలి కావాలి. ఆ రెండూ అందితే మంట, అందకపోతే పొగ. చల్లటి పొయ్యిలో మణికట్టంత లావు కట్టెలు పేర్చి కింద కాగితం అంటించారనుకోండి. ఆ కాగితం మంటకు కట్టెలోంచి వాయువులైతే వస్తాయి, వాటిని మండించేంత వేడి మాత్రం పొయ్యిలో ఉండదు. మీ మామగారికి దగ్గు తెప్పిస్తున్నది అదే.

ఇక గొట్టం సంగతి. గొట్టం పొగను లాగేది దాని లోపలి గాలి బయటి గాలికన్నా వేడిగా, తేలిగ్గా ఉన్నప్పుడే. రాత్రంతా ఆరుబయట మంచుకు తడిసిన గొట్టంలో గాలి చల్లబడి కదలకుండా ఉంటుంది. దాన్ని పైకి నెట్టే బలం ఆ మొదటి పొగకు ఉండదు. మన వైపు ఎండాకాలంలో ఇంకో తిప్పలు కూడా ఉంది. మే నెల మధ్యాహ్నం బెజవాడలో 44, 45 డిగ్రీలు కాస్తుంటే, మందపాటి గోడ నీడలో ఉన్న గొట్టం లోపల అంతకన్నా చల్లగా ఉంటుంది. అప్పుడు గాలి గొట్టంలో పైకి పోకపోగా కిందికి దిగుతుంది. సంక్రాంతికి బుద్ధిగా మండిన పొయ్యి రోహిణి కార్తెలో మొండికేసిందని నాతో చెప్పిన వాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లు కట్టెను తిట్టుకుంటారు, పొయ్యిని తిట్టుకుంటారు. అక్కడ తిరగబడింది గాలి.

అందుకే వెలిగించే ముందు ఒక అగరొత్తి ముట్టించి పొయ్యి నోటి దగ్గర పట్టుకోండి. ఆ సన్నటి పొగ లోపలికి వంగి పోతే గొట్టం లాగుతున్నట్టు. నిటారుగా పైకి లేస్తే గొట్టంలో చలనం లేదు. మీ వైపు తిరిగితే గాలి కిందికి దిగుతోంది. ఈ చివరి రెండింటిలో ఏదైనా సరే, కట్టె జోలికి పోకుండా ముందు గొట్టం సంగతి చూడాలి. ఒక దినపత్రిక కాగితాన్ని వదులుగా మెలిపెట్టండి. రెండో గిన్నె పెట్టే చోటు నుంచి గొట్టం మొదట్లోకి, చెయ్యి పోయినంత లోపలికి తోసి అంటించండి. వెంటనే ఆ కంత మీద ఒక పళ్లెం బోర్లించండి. కాగితం గుప్పున మండి, ‘హూ’మని చిన్న శబ్దం వస్తుంది. ఆ శబ్దం వచ్చిందంటే దారి తెరుచుకున్నట్టే. రాకపోతే ఇంకో కాగితం. మళ్లీ అగరొత్తి పట్టి చూడండి, పొగ పొయ్యిలోకి గుంజుకుపోతుంది. అప్పుడు పుల్ల గీయండి.

ఇంట్లో ఎగ్జాస్ట్ ఫ్యాను తిరుగుతుంటే ముందు దాన్ని ఆపండి. ఫ్యాను బయటికి తోసినంత గాలి ఎక్కడో ఒకచోట నుంచి లోపలికి రావాలి కదా, తలుపులు వేసి ఉంటే మీ పొగగొట్టంలోంచే వస్తుంది. పెరటి వైపు తలుపు తీసిపెట్టండి. మామగారి గదికి వెళ్లే తలుపు మాత్రం ఆ కాసేపూ వేసి ఉంచండి.

కట్టెలు పేర్చే తీరు కూడా మార్చండి. అందరం కాగితం కింద పెట్టి, పైన చితుకులు, ఆ పైన కట్టెలు వేస్తాం. దాన్ని తిరగెయ్యండి. లావు కట్టెలు రెండు అడుగున, మధ్యలో రెండు వేళ్లు దూరేంత సందు ఉంచి పెట్టండి. వాటి మీద అడ్డంగా బొటనవేలంత లావు పేళ్లు నాలుగో అయిదో. వాటి మీద పెన్సిలంత సన్నటి పుల్లలు గుప్పెడు. అన్నిటికన్నా పైన తాటాకు ముక్కలో కందిపుల్లలో పెట్టి, పైనుంచే ముట్టించండి. మంట నెమ్మదిగా కిందికి దిగుతుంది. కింది కట్టె వేడెక్కి వదిలిన వాయువు పైనున్న మంటలోంచే పోవాలి కాబట్టి అక్కడే కాలిపోతుంది. పైన మంట, కింద కట్టె ఏమిటని మొదట్లో అందరూ అనుమానపడతారు. ఒక్కసారి చేసి చూడండి. నీళ్లు కాచే కాగు పొయ్యికి దీన్ని మించిన పద్ధతి లేదు, గది కాస్త ఎత్తుగా ఉంటుంది కాబట్టి పేర్చడమూ సుళువే. వంట పొయ్యి గది పొట్టిగా ఉంటే అడుగున లావు కట్టె ఒక్కటే పెట్టి మిగతాది అలాగే చెయ్యండి.

పుల్లలు భగ్గున అంటుకోగానే సంబరపడి ఇంకో మూడు కట్టెలు ఎగదోయకండి. పొయ్యి గోడలు ఇంకా చల్లగానే ఉన్నాయి. మట్టి వేడెక్కడానికి పది నిమిషాలు పడుతుంది. ఆ పది నిమిషాలూ సన్నవే వెయ్యండి, ఒక్కొక్కటిగా వెయ్యండి. కొత్త కట్టె వేసేటప్పుడు దాని కొస మంటలో ఉండాలి, ఒళ్లంతా లోపల ఉండక్కర్లేదు. మనవాళ్లు పొయ్యి నోరు నిండా కుక్కుతారు. గాలి దూరే సందే లేకపోతే మంట ఎక్కణ్ణుంచి వస్తుంది? పొయ్యి నోటిలో కింది సగం గాలికి, పై సగం కట్టెకు అని నేను కట్టిన ప్రతి ఇంట్లోనూ చెప్పేదాన్ని. రెండు ఇటుక ముక్కలో, పాత ఇనప ఊచలో అడుగున అడ్డంగా పెట్టి వాటి మీద కట్టె ఆనిస్తే కిందినుంచి గాలి దానంతటదే పోతుంది. ఊదుగొట్టంతో అవసరం చాలావరకు తప్పుతుంది. ఊదాల్సి వస్తే ఎర్రటి నిప్పు మీద ఊదండి, పొగ వస్తున్న కట్టె మీద కాదు.

కిరసనాయిలు మానెయ్యండి. దాని మసి గొట్టంలో పేరుకుంటుంది, వాసన కూరకు పడుతుంది. అంతకన్నా పెద్ద భయం ఇంకోటి ఉంది. మంట ఆరింది కదా అని వేడి నిప్పుల మీద మళ్లీ పోస్తే అది ఆవిరై ఒక్కసారిగా మొహం మీదికి లేస్తుంది. అలా కాలిన చేతులు నేను చూశాను. ఆసరా కావాలంటే ఒక హారతి కర్పూరం బిళ్ల చాలు. పాలిథిన్ కవర్లు, పాత చెప్పులు, రంగు వేసిన చెక్క, ప్లైవుడ్ ముక్కలు ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. వాటి పొగ మామూలు కట్టె పొగ కాదు, విషం.

ఇంకొక్కటి అడుగుతాను. రాత్రి పని అయ్యాక మిగిలిన కొరకంచుల మీద నీళ్లు చల్లి ఆర్పుతున్నారా? చాలా ఇళ్లలో జరిగేది ఇదే. పొద్దున మొట్టమొదట పొయ్యిలో పెట్టేదీ ఆ కొరకంచునే. పైకి నల్లగా, ఎండినట్టే కనపడుతుంది గానీ ఆ బొగ్గు నీళ్లు పీల్చుకుని ఉంటుంది. మంట అవసరం తీరగానే కొరకంచుల్ని బయటికి లాగి, ఇసుక పోసిన పాత బక్కెట్లో తలకిందులుగా గుచ్చండి. గాలి తగలక అవే ఆరిపోతాయి, పొడిగా ఉంటాయి. సగం కాలిన ఆ కట్టెలో పొగ వదిలే సరుకు ముందే పోయింది కాబట్టి మర్నాడు అది అన్నిటికన్నా తొందరగా, శుభ్రంగా అంటుకుంటుంది.

ప్రశ్న: గుంటూరులో మాకు చిన్న మెస్ ఉంది. అన్నం, సాంబారు కట్టెల మీదే. అడితి నుంచి తెచ్చిన కట్టె వర్షాకాలంలో ఒకటే పొగ, చుస్సుమని నురగ. అడితి అతను మాత్రం ఎండిందేనంటాడు. మంచి కట్టెను ఎలా గుర్తుపట్టాలి? ఏ కట్టె కొనమంటారు?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: కొసల్లోంచి నురగ వస్తోందంటే అది పచ్చి కట్టే బాబూ, ఎవరేమన్నా సరే. కొత్తగా కొట్టిన కట్టె బరువులో దాదాపు సగం నీరే ఉంటుంది. ఆ నీటిని పొయ్యిలోనే ఆరబెట్టుకుంటే ఎంత నష్టమో చూడండి. మామూలు నీళ్లను మరుగు దాకా తేవడానికి పట్టే వేడికి ఏడెనిమిది రెట్లు, మరిగే నీళ్లు పూర్తిగా ఆవిరైపోవడానికి పడుతుంది. అంత వేడీ మీరు డబ్బిచ్చి కొన్న కట్టెలోంచే పోవాలి. అన్నానికి అందాల్సింది తడి ఆరడానికి పోతుంది, పొయ్యి చల్లబడుతుంది, వాయువులు కాలవు, పొగ వస్తుంది. గాలికి బాగా ఆరిన కట్టెలో కూడా వందకు పదిహేను, ఇరవై వంతుల తడి ఉంటుంది. అంతవరకు ఫర్వాలేదు.

అడితిలో రెండు కట్టెలు చేతిలోకి తీసుకుని ఒకదానితో ఒకటి కొట్టండి. ఎండినవి టంగుమంటాయి, పచ్చివి దబ్‌మంటాయి. కోసిన ముఖం చూడండి. నడిమి నుంచి అంచులకు పగుళ్లు విచ్చి ఉండాలి. బెరడు గోటితో లేపితే లేచి రావాలి. లేచిన చోట ఆకుపచ్చ జీర కనపడితే ఆ మోపు పక్కన పెట్టెయ్యండి. పై కట్టెలు చూసి మోసపోవద్దు, కుప్ప మధ్యలోంచి ఒకటి తీయించండి. అనుమానం తీరకపోతే ఆ కట్టెను అక్కడే నిలువునా చీలమనండి. చీలిన లోపలి ముఖాన్ని బుగ్గకు ఆనించుకుంటే చల్లగా తగిలితే తడి ఉన్నట్టే. అరచేతికన్నా బుగ్గకు బాగా తెలుస్తుంది.

ఏ కట్టె అంటే, మీలాంటి వాళ్లకు తుమ్మ. నిప్పు గట్టిది, ఎక్కువసేపు నిలుస్తుంది, పెద్ద డేగిసాకు అదే సరైంది. కానీ తుమ్మతో రాజెయ్యకండి, అది తొందరగా అంటుకోదు. రాజెయ్యడానికి సరుగుడు పేళ్లు పెట్టుకోండి, తిన్నగా చీలుతాయి, మంట తొందరగా అందుకుంటాయి. సుబాబుల్ మన వైపు తేలిగ్గా దొరుకుతుంది, కాగితం మిల్లుల కోసం రైతులు వేసేది. చీల్చి పెడితే తొందరగా ఆరుతుంది, గుండుగా వదిలేస్తే బెరడు తడిని పట్టి ఉంచుతుంది. చింత నిప్పు మహా గట్టిది, చీల్చేవాడికే కష్టం.

అన్నిటికన్నా ముందు నేను చెప్పేది కంది కట్టె. జనవరి, ఫిబ్రవరిలో కంది కోతలయ్యాక పొలాల్లో మోపులు కట్టి ఉంటాయి. ఏడాదికి సరిపడా రెండు మోపులు తెచ్చుకుని అటక మీద పడేసుకుంటే వానాకాలంలో మీకు దిగులుండదు. సన్నగా, లోపల గుల్లగా ఉండి అగ్గిపుల్ల తగలగానే అందుకుంటుంది. పత్తి కట్టె కూడా పనికొస్తుంది, కాకపోతే వేళ్ల మట్టి దులిపి తెచ్చుకోవాలి. మిరప కట్టె తెచ్చుకుంటే దాన్ని అంటిపెట్టుకున్న ఎండుకాయలన్నీ ఏరెయ్యండి. రెండు కాయలు పొయ్యిలో పడినా ఆ ఘాటుకు మీ మెస్‌లో ఒక్కడు కూర్చోలేడు. కొబ్బరి పీచుతో రాజేసేవాళ్లున్నారు, అది వద్దు. పీచు మండటం కన్నా కుమలడం ఎక్కువ. అందుకే అది సాంబ్రాణికి బాగుంటుంది, పొయ్యికి బాగుండదు. గన్నేరు కొమ్మలు పెరట్లో కొట్టి పడేసి ఉన్నా పొయ్యిలో పెట్టకండి, ఆ పొగ ప్రమాదం.

నిల్వ గురించి రెండు మాటలు. వేసవిలోనే కొనండి. మన ఏప్రిల్, మే ఎండల్ని మించిన యంత్రం ఎక్కడా లేదు. కట్టెను చీల్చాకే ఆరబెట్టండి, ఎందుకంటే తడి బెరడులోంచి కన్నా చీలిన ముఖంలోంచి తొందరగా పోతుంది. నేలకు ఆనకుండా రెండు ఇటుకల ఎత్తున పేర్చి, పైన మాత్రమే రేకు కప్పండి. చాలామంది పట్టా తెచ్చి చుట్టూ కప్పేస్తారు, లోపలి తడి లోపలే మగ్గి కట్టెకు బూజు పడుతుంది. పక్కలకు గాలి ఆడాలి. ఒక కట్టెకు సున్నంతో గుర్తు పెట్టి, వారానికోసారి కాటాలో తూచి చూడండి. బరువు తగ్గడం ఆగిపోయిన వారం నుంచి ఆ కుప్ప వాడుకోవచ్చు. ముసురు పట్టినప్పుడు రేపటి కట్టెను ఈ రాత్రే వంటగదిలోకి తెచ్చి, పొయ్యికి మూరెడు దూరంలో నిలబెట్టండి. మరీ దగ్గరగా వద్దు, నిప్పురవ్వ ఎగిరి పడొచ్చు.

ప్రశ్న: మా చిన్నప్పుడు ప్రభుత్వం వాళ్లు మా ఇంట్లో పొగలేని పొయ్యి వేశారు. కొన్నాళ్లకు దాంట్లోంచి మామూలు పొయ్యికన్నా ఎక్కువ పొగ రావడం మొదలైంది. అమ్మ పడగొట్టించేసింది. ఇప్పుడు ఊళ్లో ఇల్లు కడుతూ మళ్లీ అలాంటిది పెట్టుకోవాలని ఉంది. అప్పుడు ఏం తేడా జరిగి ఉంటుంది?
– ఒక పాఠకుడు, ఫిరంగిపురం

జవాబు: మీ అమ్మగారు చేసిందాంట్లో తప్పేం లేదు. పొగలేని పొయ్యి అని చెప్పి వేసిపోయి, దాన్ని ఎలా చూసుకోవాలో ఆవిడకు ఎవరూ చెప్పి ఉండరు.

ఈ పొయ్యి ఆలోచన కొత్తది కాదు. 1950ల మొదట్లోనే హైదరాబాద్ ఇంజనీరింగ్ రీసెర్చ్ లాబొరేటరీస్‌లో డాక్టర్ ఎస్.పి. రాజు గారు గొట్టం ఉన్న మట్టి పొయ్యిని రూపొందించి, మన ఆడవాళ్ల కళ్లూ ఊపిరితిత్తులూ ఎలా పాడవుతున్నాయో రాశారు. 1980ల్లో కేంద్ర ప్రభుత్వం మెరుగైన పొయ్యిల కార్యక్రమం అని దేశమంతా మొదలుపెట్టింది, అది 2002 దాకా నడిచింది. నేను పని నేర్చుకున్నది ఆ కార్యక్రమంలోనే. అచ్చు, సిమెంటు గొట్టం రిక్షాలో వేసుకుని ఊరికి వెళ్లేవాళ్లం. బంకమట్టి, ఊక, పేడ ఆ ఇంటివాళ్లే కలిపి పెట్టేవాళ్లు. పని మంచిదే. కానీ లెక్కంతా ఎన్ని పొయ్యిలు వేశామన్న దాని మీదే నడిచింది. ఆరు నెలల తర్వాత ఏ పొయ్యి ఎలా ఉందో చూడమని మమ్మల్ని పంపినవాళ్లు లేరు. నాకు ఇప్పటికీ బాధ కలిగించేది అదే.

తర్వాత సొంతంగా వెళ్లి చూసిన చోట ఒకే సంగతి కనపడేది. గొట్టం అడుగున మసి తీసే కంతకు పెట్టిన మూత ఊడబీకితే లోపల నాలుగంగుళాల దారి నిమ్మకాయ పట్టేంతకు కుంచించుకుపోయి ఉండేది. మెరిసే నల్లటి తారు, దాని మీద మెత్తటి మసి, పొరలు పొరలుగా. ఇనప చువ్వకు పాత గోనెపట్టా చుట్టి పైనుంచి దించితే తట్టెడు మసి పడేది. ఆ సాయంత్రం పొయ్యి వెలిగించిన ఇల్లాలు నోటి దగ్గర చెయ్యి పెట్టి చూసుకుని, లోపలికి గాలి లాగుతోందంటూ కోడల్ని పిలిచింది.

కొత్తగా కట్టించుకుంటున్నారు కాబట్టి నాలుగు చోట్ల జాగ్రత్త పడండి. గొట్టం కప్పు దాటాక కనీసం మూడడుగులు పైకి ఉండాలి. పది అడుగుల లోపు ఇంటి కొప్పుగానీ, మేడ గోడగానీ ఉంటే దానికన్నా రెండడుగులు ఎత్తుండాలి. లేదంటే గోడకు కొట్టుకున్న గాలి గొట్టంలోకి దిగుతుంది. గొట్టాన్ని వీలైనంత ఇంటి లోపలి నుంచే పైకి తీసుకెళ్లండి, బయటి గోడ వెంట తీసుకెళ్తే అది ఎప్పుడూ చల్లగానే ఉంటుంది. వంపులు పెట్టొద్దు. గొట్టం కర్రలకో తాటాకుకో ఆనకుండా చుట్టూ జానెడు జాగా వదిలి రేకు కట్టించండి.

గిన్నె, పొయ్యి కంత ఒకదానికొకటి అతకాలి. ఇది చిన్న విషయంగా కనపడుతుంది గానీ సగం పొగ ఈ సందులోంచే వస్తుంది. మీ ఇంట్లో రోజూ వాడే గిన్నెలు తెచ్చి, మట్టి పచ్చిగా ఉన్నప్పుడే వాటిని తిప్పి అచ్చు వేయించుకోండి. రెండో కంత మీద గిన్నె లేనప్పుడు మూత ఉండాల్సిందే. మసి తీసే కంత లేకుండా గొట్టం కట్టే మేస్త్రీ చేత పని చేయించుకోకండి. రోజూ వాడేవాళ్లు నెలకోసారి, అప్పుడప్పుడూ వాడేవాళ్లు రెండు మూడు నెలలకోసారి మసి దులపాలి. పాతకాలపు సిమెంటు గొట్టాలు ఆస్బెస్టాస్‌వి. మీ ఇంట్లో ఆ ముక్క ఎక్కడైనా మిగిలి ఉంటే కోయడం, పగలగొట్టడం చెయ్యకండి, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. కొత్తదానికి మట్టి గొట్టమో, మందపాటి ఇనప గొట్టమో పెట్టించండి.

ప్రశ్న: పొగ మంచిదే కదమ్మా? మా తాతల కాలంలో పొయ్యి పొగకే తాటాకు కప్పుకు పురుగు పట్టేది కాదు, దోమలు కూడా ఉండేవి కావు.
– ఒక పాఠకుడు, బాపట్ల రోడ్డు, పొన్నూరు

జవాబు: తాటాకు కప్పు విషయంలో మీ మాట నిజం. పొగచూరిన కప్పు ఎక్కువ కాలం నిలిచేది. దూలాలకు పట్టిన ఆ మసి పురుగును దగ్గరికి రానిచ్చేది కాదు. కానీ ఆ కప్పు కింద కూర్చుని మూడు పూటలా వండిన మనిషి ఊపిరితిత్తులకూ అదే మసి పట్టింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఇళ్లలో పొయ్యిల పొగ వల్ల 2020లో ప్రపంచమంతటా 32 లక్షల మంది చనిపోయారు. ఇప్పుడు చాలా ఇళ్లకు శ్లాబు ఉంది, దాన్ని పొగబెట్టి కాపాడాల్సిన పని లేదు. దోమలకు దోమతెర ఉంది. పశువుల పాకలో సాయంత్రం వేపాకు పొగ వేసుకోండి, మనుషులు పడుకునే చోట వద్దు.

ప్రశ్న: మేం విజయవాడలో ఫ్లాట్‌లో ఉంటాం. మా అమ్మాయి పురిటికి వచ్చింది. బాలింత గదిలో కట్టెలు పెడితే పొగ కాబట్టి బొగ్గుల కుంపటి పెట్టమని మా అత్తగారు అంటున్నారు. బొగ్గుకు పొగ ఉండదు కదా, తలుపులు వేసుకుని పెట్టుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: వద్దమ్మా. ఈ ఉత్తరానికి అచ్చయ్యేదాకా ఆగకుండా ముందే జవాబు రాసి పంపాను. మిగతావాళ్ల కోసం ఇక్కడ మళ్లీ రాస్తున్నాను.

బొగ్గుకు పొగ లేకపోవడం నిజమే. పొగ వదిలే సరుకంతా బొగ్గు కాల్చినప్పుడే పోయింది. కానీ ఎర్రటి నిప్పుల్లోంచి కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, కళ్లు మండవు, దగ్గు రాదు. పొగైతే మనల్ని లేపి బయటికి తరుముతుంది, ఇది నిద్రలోనే పట్టేస్తుంది. మన రక్తంలో ప్రాణవాయువును మోసే పదార్థానికి ఇది ప్రాణవాయువు కన్నా రెండు వందల రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. అందుకే మూసిన గదిలో కుంపటి పెట్టుకుని పడుకున్నవాళ్లు పొద్దున లేవని సంగతులు చలికాలంలో పేపర్లో చూస్తుంటాం. మీ అత్తగారి కాలంలో పెంకుల సందుల్లోంచి, తలుపుల సందుల్లోంచి గాలి ఆడేది. మీ ఫ్లాట్‌లో అద్దాల కిటికీలు మూస్తే చీమ దూరే సందు ఉండదు. ఆవిడ అనుభవం అబద్ధం కాదని, ఇల్లు మారిందని ఆవిడకు నెమ్మదిగా చెప్పండి.

తల్లీబిడ్డలకు వెచ్చదనం కావాలంటే మందపాటి దుప్పటి, బిడ్డ తలకు టోపీ, కాళ్లకు మేజోళ్లు. అన్నిటినీ మించి బిడ్డను తల్లి ఒంటికి ఆనించి పడుకోబెట్టడం. సాంబ్రాణి వెయ్యకపోతే పెద్దవాళ్లు ఒప్పుకోరు అనుకుంటే తల్లినీ బిడ్డనూ పక్క గదిలో ఉంచి, కిటికీలు తెరిచి, హాల్లో నిమిషం తిప్పి, ఆ నిప్పును బాల్కనీలోకి తీసుకెళ్లి నీళ్లు పోసి ఆర్పేయండి. బిడ్డ తల ఆరడానికి ఆ పొగ పట్టించడం మాత్రం మానండి, మెత్తటి బట్టతో తుడిస్తే చాలు.

కుంపటి ఉన్న గదిలో ఎవరికైనా తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం, మత్తుగా ఉండటం మొదలైతే పొద్దుటి నుంచీ అలసిపోయారులే అనుకోవద్దు. తలుపులు బార్లా తీసి ముందు మనుషుల్ని బయటి గాలిలోకి తీసుకురండి. కుంపటి ఆర్పడం తర్వాతి పని. వెంటనే 108కి ఫోన్ చేసి, గదిలో బొగ్గుల కుంపటి ఉందని మొదటి మాటలోనే చెప్పండి.